పోటీ రోబోలకు బ్రేకులు

2014వ సంవత్సరమున పూనా నగరమున ఒక వింత ఆట జరిగినది. తల్లిరోబో యొకటి తన పిల్లరోబోను ఎత్తుకొని వచ్చును. దానిని ఊగుడుబల్లపై కూర్చుండబెట్టి ఊపును, ఉయ్యెల నెక్కించును, వరుసగా నిలిపిన గుంజలపై నడిపించును. కడపట పిల్లరోబో కడ్డీల గూడువంటి కట్టడముపైకి ఎగబ్రాకవలెను. ఇంతయు మూడు నిమిషములలో ముగియవలెను. ఆసియా-పసిఫిక్ ప్రసార సంస్థల సంఘము 2002వ సంవత్సరమున టోకియోలో ఆరంభించి, అటుపిమ్మట దేశదేశములలో జరిపించుచున్న 'రోబోకాన్' పోటీలలో ఆ యేటి ఆట ఇది. విశ్వవిద్యాలయముల విద్యార్థులే ఈ యంత్రములను నిర్మింతురు. మన దేశపు జట్టును ఎన్నుకొను పోటీలను దూరదర్శన్ నడపుచు వచ్చినది. రేడియో పత్రికలో రోబోల ముచ్చట ఏల యని అడుగు పాఠకులకు ఈపాటి చుట్టరికము చాలుననుకొందుము.

మరమనిషి అన్నంతనే తల, చేతులు, కాళ్లు గల ఆకారము మనస్సున మెదలును. పోటీలకు వచ్చు రోబోలు చాలవరకు అట్లుండవు. చక్రములపై ఒక అల్యూమినియపు చట్రము, దానిపై బరువు నెత్తు ఒక చేయి, ఒక బ్యాటరీ, కొన్ని మోటార్లు, వానికి అల్లుకొన్న తీగలు - ఇంతియే. చూచువారు వాని పరుగును, గురిని మెచ్చుకొందురు. మా చూపు మాత్రము ఆ తల్లిరోబో చేతిమీద నిలిచినది. పిల్ల నెత్తిన వేళ విద్యుత్తు ఆగిపోయినచో ఆ చేయి ఏమగును? రోబోను కట్టువాడు మొదటి దినముననే అడుగవలసిన ఈ ప్రశ్నను పెక్కుమంది చిట్టచివరి దినమున అడుగుదురు.

బ్రేకు అనగా ఆపునది అని మన మందరము అనుకొందుము. ఎడ్లబండి తోలువాడు ఈ విషయమున మనకంటె తెలిసినవాడు. పోవుచున్న బండిని అతడు పగ్గములు బిగించి ఆపును. ఆగిన పిదప, నేల వాలుగా నున్నచో, క్రిందికి దిగి చక్రమునకు ఒక రాయి అడ్డము పెట్టును. పగ్గము చేసినది ఒక పని. రాయి చేసినది వేరొక పని. పగ్గమునకు చేయి వలయును, కన్ను వలయును, ఎడ్లకు ఓపిక వలయును. రాతికి ఏమియు అక్కరలేదు. బండివాడు చెట్టునీడను కునుకు తీసినను రాయి తన పని తాను చేయుచుండును. నూతికడ నీరు తోడు ఇల్లాలిని ఎవరైన పిలిచినచో, ఆమె త్రాటిని కాలితో త్రొక్కిపట్టి పలుకును. చేతులతో పట్టుకొని ఎంతసేపని నిలుచును?

మొదటి పనిని ఆపుట యనియు, రెండవదానిని నిలుపుట యనియు వ్యవహరింతుము. ఆపునప్పుడు బ్రేకు, కదలికలోని శక్తిని మ్రింగవలెను. నిలుపునప్పుడు మ్రింగవలసిన శక్తి ఏమియు లేదు; బలమును ఓర్చుకొనుటయే పని. ఒకదానికై కట్టిన సాధనము రెండవ పనికి పనికివచ్చుననుకొనుటవలననే పోటీలలో పెక్కు రోబోలు ఓడుచున్నవి. కొన్నియెడల చేతివ్రేళ్లును నలుగుచున్నవి.

మొదట ఆపుటను గూర్చి చూతము. 50 కిలోల రోబో సెకనుకు 4 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దానియందలి చలనశక్తి 400 జౌళ్లు. అదే రోబోను నేలనుండి 80 సెంటీమీటర్ల పైకెత్తుటకు ఇంచుమించు ఇంత శక్తియే పట్టును. వేగము సగమైనచో శక్తి సగము కాదు, నాలుగవ వంతగును, 100 జౌళ్లే. కావున తుది గడియలో బ్రేకును బిగించుటకంటె, రెండు క్షణములు ముందుగా వేగమును తగ్గించుట ఏ బ్రేకుకైనను ఆయువు పోయుట.

బ్రేకు ఎంత గట్టిదైనను, రోబోను ఆపునది కడకు చక్రమునకు నేలకు నడుమనున్న పట్టే. ఆ పట్టును సూచించు ఘర్షణ గుణకము 0.6 అయినచో, పై వేగముననున్న రోబో దాదాపు 1.4 మీటర్ల దూరము పోకుండ ఆగనేరదు. చక్రములను కదలకుండ బిగించినను అంతే. అవి తిరుగుట మాని జారుచు పోవును. బరువైన రోబోకు ఈ దూరము హెచ్చగునని తోచును గాని, కాదు. బరువు హెచ్చినకొలది పట్టును హెచ్చును, రెండును సరిపోవును. ఇది మొదటిసారి లెక్కవేసి చూచుకొన్న విద్యార్థి నమ్మలేక మరల లెక్కవేయుట మేము చూచితిమి.

పట్టు మరీ హెచ్చుగా నుండుటయు ప్రమాదమే. చేతిని పైకెత్తి పరుగిడు రోబోను తలపుడు. దాని గురుత్వకేంద్రము నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తునను, ముందు చక్రములకు 30 సెంటీమీటర్ల వెనుకను ఉన్నదనుకొందము. అట్టి రోబోను భూమ్యాకర్షణ వేగవృద్ధిలో సగమునకు మించిన తీవ్రతతో ఆపినచో అది ముందునకు తలక్రిందులగును. చక్రములు 0.6 వంతు వరకు పట్టు నిచ్చునవి కదా! అనగా జారుటకు ముందే బోర్లపడును. బ్రేకు బాగుగా పనిచేయుటవలననే పడిపోయిన రోబోలు కలవు. చేతిని దించి పరుగెత్తుట, బ్రేకును మెల్లగా పట్టించుట - ఈ రెండే దీనికి మందు.

ఇక ఆపు సాధనము సంగతి. చాల రోబోలలో వేరుగా బ్రేకు అనునది కనబడదు. మోటారే బ్రేకగును. ఇది ఎట్లో తెలిసికొనుటకు పుస్తకము అక్కరలేదు. మీ యింట పిల్లవాని పాత బొమ్మకారులోని చిన్న మోటారును బయటకు తీయుడు. దాని ఇరుసును వ్రేళ్లతో గిరగిర త్రిప్పి చూడుడు, తేలికగా తిరుగును. ఇప్పుడు దాని రెండు తీగల కొనలను ఒకదానితో నొకటి కలిపి మరల త్రిప్పుడు. ఆముదములో గరిట త్రిప్పినట్లుండును. కారణమేమన, అయస్కాంతముల నడుమ తిరుగు తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. తీగలు విడిగానున్నంతవరకు దానికి పోవు దారి లేదు. కలిపినంతనే ప్రవాహము సాగును. ఆ ప్రవాహము తనను పుట్టించిన కదలికనే అడ్డగించును. రోబోలోని మోటారు నడపు పెట్టె, 'ఆగుము' అన్న ఆజ్ఞ అందగానే, చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్చులచే ఈ రెండు కొనలను కలిపివేయును. రాపిడి లేదు, అరుగుదల లేదు, దుమ్ము లేదు. ఇంతకంటె మన్నికైన ఆపు సాధనము మరొకటి లేదని మా అభిప్రాయము.

అయితే ఆ బొమ్మ మోటారునే ఇంకొంచెము పరీక్షింపుడు. ఇరుసును వడిగా త్రిప్పినచో అడ్డు హెచ్చు. మెల్లగా త్రిప్పినచో అడ్డు తక్కువ. మరీ మెల్లగా త్రిప్పినచో అడ్డు దాదాపు తెలియనే తెలియదు. వేగమునుండి పుట్టిన బలము వేగముతోనే పోవును. ఇరుసునకు దారముతో ఒక చిన్న బరువును వ్రేలాడదీసినచో, తీగలు కలిపియున్నను ఆ బరువు నిలువదు. దబ్బున పడుటకు బదులు మెల్లమెల్లగా దిగును. మోటారు బ్రేకు పగ్గము వంటిది. రాయి వంటిది కాదు. ఎత్తిన చేయి రెండు నిమిషములలో నేలకు వ్రాలినచో, అది దబ్బున వ్రాలినను మెల్లగా వ్రాలినను ఆటలో ఓటమియే.

మోటారును ఎదురుదిశకు నడిపి ఆపుట యను పద్ధతి మరొకటి కలదు. ఆత్రపడువారు దీనిని వాడుదురు. పూర్తివేగమున తిరుగు మోటారులో పుట్టు వోల్టేజికి, తిరగవేసిన బ్యాటరీ వోల్టేజి తోడగును. ఇరుసు బిగిసిపోయి కదలకున్న మోటారు తీసికొను ప్రవాహమునకు ఇది ఇంచుమించు రెట్టింపు ప్రవాహమును లాగును. గేరు పండ్లు విరుగుట, మోటారు వాసన వేయుట సామాన్యముగా ఈ ఆత్రపు ఫలమే. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పనవసరము లేదు.

ఇప్పుడు నిలుపుట. అమెరికాలో డీన్ కామెన్ 1989వ సంవత్సరమున స్థాపించిన 'ఫస్ట్' సంస్థ, 1992 మొదలుకొని ఉన్నతపాఠశాలల విద్యార్థులకు రోబోల పోటీలు జరుపుచున్నది. 2017వ సంవత్సరపు ఆటలో రోబోలు చివరకు త్రాటిమీదికి ఎగబ్రాకవలసి వచ్చెను. 2020లో ఒక కడ్డీని పట్టుకొని వ్రేలాడవలసి వచ్చెను. ఆ యేటి నియమములో ఒక మెలిక గలదు. ఆట ముగియగానే రోబోల మోటార్లన్నియు ఒక్కసారిగా నిలిచిపోవును. వ్రేలాడుచున్న వెన్ని, నేల తాకినవెన్ని అన్న లెక్కను మాత్రము ఆ పిమ్మట కొన్ని సెకనులకు చూతురు. బ్యాటరీయు, చుట్టునున్న మెత్తని అంచులును కాక 125 పౌనుల వరకు, అనగా సుమారు 57 కిలోల వరకు తూగు యంత్రము, ప్రాణము పోయిన తరువాత వ్రేలాడి చూపవలెనన్నమాట. నియమములు వ్రాసినవారి ఉద్దేశ్యమేమైనను, బ్రేకులను గూర్చి ఇంతకంటె మంచి పరీక్ష మాకు కనబడలేదు.

కొందరు మోటారులోనికి ప్రవాహమును పంపుచునే బరువును నిలుపుదురు. నూతికడ చేతులతో త్రాడు పట్టుకొని నిలుచుటవంటి దిది. కదలిక లేదు గనుక మోటారు చేసిన పని సున్న. తీసికొన్న విద్యుత్తంతయు వేడిమియే. తీగచుట్టలో అడ్డు పదవ వంతు ఓము, ప్రవాహము 40 ఆంపియర్లు అయినచో 160 వాట్ల వేడిమి పుట్టును. అరచేతిలో ఇముడు మోటారు లోపల నాలుగు నలుబది వాట్ల దీపములు వెలుగుచున్నట్లు! నిమిషములలో తీగలపై పూత మాడిపోవును. ఆట ముగిసి మోటార్లు నిలిచినంతనే ఈ పట్టును పోవును.

సంగీతప్రియులైన శ్రోతలకు నిలుపుటను గూర్చి మేము క్రొత్తగా చెప్పవలసినది కొంచెమే. వీణ తీగను బిగించిన పిదప దానిని పట్టి యుంచునది ఏది? బిరడా. కొన సన్నగిలిన కొయ్య, రంధ్రములో బిగుసుకొని, కేవలము రాపిడిచే తీగ బలమును ఓర్చును. వానకాలమున చెమ్మ పట్టినను, ఎండకాలమున కొయ్య ముడుచుకొనినను శ్రుతి జారుట వైణికులకు తెలిసినదే. రాపిడిపై ఆధారపడిన బ్రేకులన్నిటికి ఈ జాడ్యము కలదు. మాండొలిన్‌కు బిరడా లేదు. చిన్న మరచుట్టు వంటి కడ్డీ యొకటి పండ్లచక్రముతో పెనగియుండును. మన పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ చేతిలో లోకమంతట మ్రోగిన వాద్యమును చూచినవారు ఆ మరలను చూచియేయుందురు. మరను త్రిప్పినచో చక్రము తిరుగును. తీగ ఎంత లాగినను చక్రము మరను త్రిప్పలేదు. దీనికి వర్మ్ గేరు అని పేరు. రోబో చేతికి దీనిని అమర్చినచో, విద్యుత్తు పోయినను చేయి ఉన్నచోటనే నిలుచును.

ఇంత సులువైనపుడు అందరును దీనినే ఏల వాడరు? వెల చెల్లింపవలెను గనుక. ఇట్లు తనంతట తాను బిగిసిపోవు మర, ఎత్తునపుడు మోటారు ఇచ్చిన శక్తిలో సగముకంటె ఎక్కువ రాపిడికే పోగొట్టును. వెనుకకు తిరుగనీయని రాపిడియే ముందుకు త్రిప్పునపుడును అడ్డుపడును. మరియు చమురు వేసి, రోబో గడగడలాడు ఆటలో వాడినపుడు, బల్లపైన నిలిచిన మర మైదానమున కొంచెము కొంచెముగా జారుటయు కలదు. నెమ్మదిగా కదలు చేతికి ఇది తగును. పదిసెకనులలో పైకి ఎగబ్రాకవలసినదానికి తగదు.

అట్టిదానికి పండ్లచక్రము, నాలుక తగును. సైకిలు వెనుకచక్రములోని ఫ్రీవీలు టకటకమని పలుకుట అందరును విన్నదే. లోపలి సన్నని నాలుకలు పండ్లపై దుముకు చప్పుడది. ఒకవైపు తిరుగనిచ్చును, రెండవవైపు తిరుగనీయదు. ఎగబ్రాకు రోబో త్రాటిని చుట్టు డ్రమ్మునకు ఇట్టిదానిని అమర్చినచో, చుట్టినంత నిలుచును. పనిముట్ల పెట్టెలోని రాచెట్ పానాను తెచ్చి, దాని లోపలి భాగమునే వాడుకొను విద్యార్థులును కలరు. ఆ యుక్తిని మేము మెచ్చుకొందుము. బస్సుల బోల్టులు బిగించు ఉక్కు, రోబోను మోయలేదా?

అయినను చూడవలసినవి కొన్ని కలవు. పండ్లు 24 అయినచో రెండు పండ్ల నడుమ 15 డిగ్రీలు. డ్రమ్ము వ్యాసార్ధము 2 సెంటీమీటర్లయినచో, నాలుక తరువాతి పంటిని అందుకొనులోపల రోబో 5 మిల్లీమీటర్ల వరకు జారును. జారిన బరువు పంటిపై సమ్మెటదెబ్బవలె పడును. నిలిచియున్న బరువును ఎన్నియేండ్లయినను ఓర్చు పన్ను, ఇట్టి దెబ్బలకు కొలదికాలములోనే విరుగును. కావున పండ్లు సన్ననివిగా, నాలుకలు రెండుగా నుండి, ఒకటి పంటిలో నున్నపుడు రెండవది నడుమ నుండునట్లు అమర్చుట మేలు. పంటి ముఖమును వాలుగా కోసి, బరువు లాగినకొలది నాలుక లోనికి చొచ్చుకొనునట్లు చేయవలెను. వెలుపలికి నెట్టునట్లు కోసిన పన్ను ఒకనాడు నెట్టియే తీరును.

నాలుకను పంటిలోనికి త్రోయునది ఏది యన్నది ఇంకను ముఖ్యము. త్రోయునది స్ప్రింగు కావలెను. పైకి లాగునది విద్యుత్తు కావలెను. అనేకులు దీనిని తలక్రిందులుగా చేయుదురు. విద్యుత్తుచే బిగిసి, స్ప్రింగుచే విడివడు బ్రేకు, విద్యుత్తు పోయిననాడే, అనగా దానితో పని పడిననాడే, విడివడును.

ఈ పాఠమును రైళ్లవారు నూటయేబది యేండ్ల క్రిందటనే నేర్చుకొనిరి. అమెరికా దేశస్థుడైన జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో చేసిన గాలిబ్రేకులో, గొట్టములోనికి గాలిని పంపినచో బ్రేకు పడును. గొట్టము తెగినచో గాలి లేదు, బ్రేకును లేదు. కొలది యేండ్లకే, 1872లో, ఆయన ఆ పద్ధతిని తిరగవేసెను. గొట్టములో గాలి నిండియున్నంతవరకు బ్రేకు విడివడియుండును. గాలి తగ్గినచో, ప్రతి పెట్టెలోను నిలువయున్న గాలి బ్రేకును బిగించును. పెట్టెలు రెండుగా తెగిపోయినను రెండు భాగములును తమంతట తామే ఆగును. ప్రయాణికుడు గొలుసు లాగినపుడు జరుగునదియు ఇదియే. అతడు బ్రేకు వేయుట లేదు, గాలిని వదలుచున్నాడు. కర్మాగారములలోని పెద్ద రోబోల కీళ్లలో ఇప్పుడు వాడు బ్రేకులును ఇట్టివే. స్ప్రింగు బిళ్లలను ఒత్తిపట్టియుండును. విద్యుదయస్కాంతము వానిని విడదీసియుంచును. విద్యుత్తు పోయినంతనే చేయి బిగిసిపోవును.

ఇక బ్రేకు ఉండవలసిన చోటు. దీనిని గూర్చి మేము కన్నులార చూచిన దొకటి చెప్పుదుము. ఒక ఇంజనీరింగు కళాశాలలో, పేరేల, పోటీకి సిద్ధమగుచున్న ఒక రోబోను చూడబోతిమి. నిలువు చట్రములో పైకి క్రిందికి జరుగు బల్ల యొకటి దానికి కలదు. తలయెత్తు వరకు లేచును. మోటారు బ్రేకు ఉన్నదిగదా యని విద్యార్థులు ధైర్యముతో నుండిరి. బల్ల పైన నున్నది. ఒక బాలుడు అడుగున చేయిపెట్టి గొలుసు బిగువు చూచి, చేయి తీసికొనెను. వేరొక బాలుడు, ఛార్జి చేయుటకు, బ్యాటరీ తీగను ఊడదీసెను. బల్ల ధనమని క్రిందికి వచ్చినది. మోటారు కొనలను కలుపు స్విచ్చులును బ్యాటరీతోనే నడచునవి గదా. బ్యాటరీతోపాటు ఆ ఆముదపు పట్టును పోయినది. అడుగున మరచిన స్క్రూడ్రైవరు వంగిపోయెను. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. చేయి తీసిన బాలుడు తన అరచేతిని చూచుకొనుచుండెను.

మరుసటి వారమునకు వారు స్ప్రింగు బ్రేకు నొకదానిని తెచ్చి మోటారు ఇరుసునకే అమర్చిరి. ఎందుకట్లు? లెక్క చూడుడు. 50 కిలోల రోబో 2 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల డ్రమ్ముపై వ్రేలాడినచో, డ్రమ్మును నిలుపుటకు కావలసిన తిప్పుబలము, ఒక మీటరు పొడవు కర్ర కొనకు ఒక కిలో బరువు కట్టి దానిని అడ్డముగా పట్టుకొనుటకు సమానము. డ్రమ్మునకు మోటారునకు నడుమ యేబదింతలు వేగము తగ్గించు గేర్లున్నచో, మోటారు ఇరుసునొద్ద ఆ కర్రకొన బరువు 20 గ్రాములే. అరంగుళపు బ్రేకు చాలును, తేలిక, చౌక. ఎవరికైనను ఆశ పుట్టును.

ఆ బ్రేకుతో పరీక్షకు, ఈసారి బుద్ధిమంతులై, అడుగున ఎవరును లేకుండ, బల్లపై ఇసుకబస్తా పెట్టిరి. బ్యాటరీ తీసిరి. బల్ల కదలలేదు. చప్పట్లు కొట్టిరి. పదునాలుగవసారి ఎత్తి దించునప్పుడు గొలుసు అతుకు ఊడినది. బల్ల మరల ధనమని పడెను. బ్రేకు మాత్రము చెక్కుచెదరక మోటారును గట్టిగా పట్టుకొని యుండెను. మోటారు ఎక్కడికి పోవునని పట్టుకొన్నదో!

బ్రేకునకు బరువునకు నడుమ ఎన్ని అతుకులున్నవో అన్నిచోట్ల ఆ బ్రేకు వట్టిది కావచ్చును. ఎలీషా ఓటిస్ 1854వ సంవత్సరమున న్యూయార్కు ప్రదర్శనశాలలో, జనసందోహము నడుమ, పైకెత్తిన లిఫ్టుబల్లపై తాను నిలిచి, దానిని మోయు త్రాటిని తెగగొట్టించెను. త్రాడు బిగువుగా నున్నంతవరకు వంగియుండు బండిస్ప్రింగు, త్రాడు తెగినంతనే విచ్చుకొని, ఇరుప్రక్కల నిలువు కమ్మీలకు కోసిన పండ్లలోనికి కొక్కెములను త్రోసెను. బల్ల కొంచెము జారి నిలిచెను. పట్టు పట్టినది బల్లయే, పట్టినది చట్రమునే. త్రాడు, డ్రమ్ము, యంత్రము ఏవియు నడుమ లేవు. పై విద్యార్థులు తుదకు చేసినదియు ఇంతే: చట్రమునకు వరుసగా రంధ్రములు తొలిచి, బల్లకే స్ప్రింగుతో త్రోయబడు ఉక్కుచీల నమర్చిరి. మోటారునొద్ద చిన్న బ్రేకును తీసివేయలేదు. అది దినదినపు పనికి, చీల ఆపదకు.

మన్నికను గూర్చి మిగిలినది అంతయు చేతిపనియే. బ్రేకు బిళ్లలను ముందుగా చెరుచునది అరుగుదల కాదు, చమురు. ప్రక్కనున్న గొలుసుకు వేసిన చమురు తుంపరలై బిళ్లపై పడినచో పట్టు సగమునకు తగ్గుట ఆశ్చర్యము కాదు. తుడిచిన పోవదు, బిళ్లను మార్చవలసినదే. సైకిలు డిస్కు బ్రేకును రోబోకు తెచ్చుకొనువారు ఇది మరువరాదు. వేడిమి సంగతి లెక్కకు అందునదే: 400 జౌళ్ల శక్తిని 100 గ్రాముల ఉక్కుబిళ్ల మ్రింగినచో, వేడి ఎటును పోనియెడల, 8 డిగ్రీలు వేడెక్కును. ఒకసారికి ఏమియు కాదు. చల్లారనీయక ఇరువదిసార్లు ఆపినచో 160 డిగ్రీలు దాటును. ప్రక్కనున్న ప్లాస్టిక్ ముక్క మెత్తబడును. సన్నని బిళ్ల అందముగా నుండును గాని వేడిని దాచుకొనుటకు చోటుండదు.

ఇరుసుమీద చక్రమును ఒక చిన్న గ్రబ్ స్క్రూతో బిగించి, దానిపై బ్రేకు బలమంతయు మోపుట మరొక దురలవాటు. ముందుకు నడపు బలము మెల్లగా వచ్చును. బ్రేకు బలము ఒక్కసారిగా, ఎదురుదిక్కుగా వచ్చును. పది దెబ్బలకు స్క్రూ వదులగును. ఇరుసునకు గాడి కోసి చావి వేయుట, లేదా ఆరుపలకల ఇరుసును వాడుట ఉత్తమము. ఉక్కుచీల ఒరయు అల్యూమినియపు రంధ్రము కోలగా సాగిపోవును. అందులో ఉక్కుగొట్టపు ముక్కను దిగగొట్టవలెను.

యుద్ధపు రోబోల పోటీలను గూర్చి కొందరు శ్రోతలు అడుగవచ్చును. అందు ఆయుధము గిరగిర తిరుగు ఉక్కుకడ్డీ. మీటరు పొడవు, 20 కిలోల బరువుగల కడ్డీ నిమిషమునకు 2000 చుట్లు తిరిగినచో, దానియందు 36 వేల జౌళ్లకు పైబడిన శక్తి యుండును. క్వింటాలు బస్తాను పన్నెండంతస్తుల మేడపైకి ఎత్తుటకు అది చాలును. అందుకే, విద్యుత్తు తీసిన 60 సెకనులలో ఆయుధము పూర్తిగా ఆగవలెనని అట్టి పోటీలలో సామాన్యముగా నియమము పెట్టుదురు. ఇది ఆపుపనియే గనుక మోటారు బ్రేకు ఇందు చక్కగా ఉపకరించును. ఆగిన పిదప మాత్రము, ఎవరైన చేరువకు పోకమునుపే, చట్రము గుండ ఒక ఉక్కుకడ్డీని దూర్చి ఆయుధమును బంధింతురు. అక్కడను పగ్గము వేరు, రాయి వేరు.

పరీక్షకు ఖరీదైన పరికరము లేమియు అక్కరలేదు. ఒక ఇసుకబస్తా, ఒక సుద్దముక్క చాలును. మోయవలసిన బరువునకు ఒకటిన్నర రెట్లు పెట్టి, పైకెత్తి, బల్ల అంచున చట్రముపై సుద్దతో గీత గీసి, బ్యాటరీని పూర్తిగా ఊడదీయవలెను. మీట నొక్కి ఆపుట చాలదు. రాత్రి వదలి, ఉదయమున గీతను చూడవలెను. పిదప బరువును మామూలునకు తగ్గించి, ఏబదిసార్లు ఎత్తి, ఏబదిసార్లు నడిమధ్యను బ్యాటరీ ఊడదీయవలెను. ఒక్కొక్కసారి ఎంత జారినదో నోటుపుస్తకమున వ్రాసికొనినచో, మొదటి పదిలో 2 మిల్లీమీటర్లు, కడపటి పదిలో 6 అని అంకెలే పలుకును. అరుగుచున్న పన్ను ఏదో, వదులగుచున్న స్క్రూ ఏదో అప్పుడు విప్పి చూచుకొనవచ్చును. మేము చెప్పిన ఆ కళాశాల విద్యార్థులు పోటీకి పోవునపుడు ఆ నోటుపుస్తకమును, సుద్దముక్కను రోబో పెట్టెలోనే పెట్టుకొని పోయిరి.